ఆ పొలంలో నిజంగా ఏమీ జరగలేదా?

‘ది వాకింగ్ డెడ్’ జాంబీల నడుమ ప్రాణాలు కాపాడుకునే ఒక గుంపు కథ చెప్పే అమెరికా టీవీ సీరియల్. రెండో సీజన్‌లో రిక్ నడిపే ఆ గుంపు హెర్షెల్ అనే పెద్దాయన పొలంలో తలదాచుకుంటుంది. ఆ సీజన్ మాట ఎత్తితే చాలు, ఒక సలహా ఎక్కడి నుంచో వచ్చి పడుతుంది. “హెర్షెల్ పొలంలో కూర్చుని కబుర్లు చెప్పుకోవడమే. ఏడో ఎపిసోడ్‌లో చివరి ఐదు నిమిషాలు చూసి మిగతాది వదిలేయండి. పాత్రల్లో కాస్త దమ్మున్నవాడు షేన్ ఒక్కడే. ఆఖరి మలుపు కూడా ఉలిక్కిపడేలా చేయడానికి పెట్టిందే.” ఏళ్లు గడిచినా ఈ మాటలు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. 2011 నవంబరు 27న ప్రసారమైన ఆ ఏడో ఎపిసోడ్‌నే ముందు పెట్టుకుని ఒక్కో మాటకూ జవాబు చెబుతాను. కథ మొత్తం బయటపెట్టక తప్పదు. ఇంకా చూడనివారు ఇక్కడితో ఆపేయడం మేలు.

ముందు “ఏమీ జరగలేదు” అన్నది చూద్దాం. మొదటి ఎపిసోడ్‌లో కెరోల్ కూతురు సోఫియా తప్పిపోతుంది. అదే ఎపిసోడ్ చివర రిక్ కొడుకు కార్ల్‌కు తుపాకీ గుండు తగులుతుంది. మూడో ఎపిసోడ్‌లో రిక్ స్నేహితుడు షేన్ తన ప్రాణం కాపాడుకోవడానికి, హెర్షెల్ పొలంలో పనిచేసే ఓటిస్ కాలిమీద కాల్చి, అతన్ని వాకర్లకు (ఇందులో జాంబీల పేరు అదే) వదిలేసి వస్తాడు. పొలంలోని కొట్టం నిండా వాకర్లున్న సంగతి ఐదో ఎపిసోడ్‌లో గుంపులోని గ్లెన్ కంటపడుతుంది. ఆరో ఎపిసోడ్‌లో తన భార్య లోరీ గర్భవతి అన్న విషయం రిక్‌కు తెలుస్తుంది. ఇన్ని జరిగాక ఏమీ జరగలేదంటే దానికి ఒకటే అర్థం: తగినన్ని జాంబీ తలలు పగల్లేదని. ఆ అసంతృప్తి ఉంటే ఉండవచ్చు. దానికి కథనలోపం అని పేరు పెట్టడం మాత్రం కుదరదు.

ఇక చివరి ఐదు నిమిషాలు చాలన్న మాట. ఏడో ఎపిసోడ్ మొదలవడమే కొట్టంలో వాకర్లున్నాయని గ్లెన్ అందరి ముందూ చెప్పేయడంతో మొదలవుతుంది. అక్కడి నుంచి కథ రెండు దారులు పడుతుంది. వాకర్లు జబ్బుపడిన మనుషులేనని నమ్మే హెర్షెల్, వాటిని బురదనేల నుంచి ప్రాణాలతో పట్టి తేవడానికి రిక్‌ను వెంట తీసుకుపోతాడు. పొలంలో ఉండనిస్తాడన్న ఆశతో రిక్ తల వంచి వెళతాడు. మరోవైపు గుంపులోని పెద్దాయన డేల్ తుపాకుల సంచిని దాచేయబోతుంటే షేన్ వెతికి పట్టుకుని లాక్కుంటాడు. ఉచ్చుకర్రల చివర వాకర్లను కట్టుకుని ఒక జట్టు, తుపాకులతో మరో జట్టు కొట్టం దగ్గరికి ఒకేసారి చేరుకుంటాయి. ఈ రెండు దారులనూ కత్తిరించి కొట్టం తలుపు ఒక్కటే చూస్తే అది కాల్పుల దృశ్యం, అంతకుమించి ఏమీ లేదు. హెర్షెల్ ఎందుకు మోకాళ్లమీద కూలబడిపోయాడో ఆ ఐదు నిమిషాలు చెప్పవు. ఆ కొట్టంలో ఉన్నది అతని భార్య, ఆమె కొడుకు.

పాత్రల బలం గురించిన మాటే నాకు అన్నిటికంటే విడ్డూరంగా తోస్తుంది. షేన్ గట్టిగా అరుస్తాడు కాబట్టి బలవంతుడిలా కనిపిస్తాడు. కానీ ఇదే ఎపిసోడ్‌లో గుర్రపుశాల దగ్గరి దృశ్యం చూడండి. గాయం మానకుండానే గుంపులోని డారిల్ మళ్లీ సోఫియాను వెతకడానికి బయలుదేరతాడు. దొరుకుతుందో లేదో తనకే తెలియడం లేదని కెరోల్ అంటుంది. కన్నతల్లే ఆశ వదులుకుంటుంటే పరాయివాడు వదులుకోలేకపోతున్నాడు. అతను జీనును విసిరికొట్టి, ఆమెను తిట్టి వెళ్లిపోతాడు. ఆ తిట్టులో ఉన్నంత దుఃఖం షేన్ ఉపన్యాసాలన్నీ కలిపినా ఉండదు.

హెర్షెల్ కూతురు మ్యాగీ, ఆమె ప్రేమించే గ్లెన్‌ల సంగతీ అంతే. కొట్టం రహస్యం బయటపెట్టాడన్న కోపంతో మ్యాగీ అతని టోపీ అడిగి తీసుకుని, అందులో గుడ్డు పగలగొడుతుంది. నవ్వు తెప్పించే చిన్న పని, మాటలతో తగవు పెట్టుకోవడం కంటే ఘాటైన పని. అదే గ్లెన్, కొట్టం తలుపు తెరుచుకుని అందరూ కాలుస్తున్నప్పుడు, తుపాకీ ఎత్తేముందు ఆమె వైపు చూస్తాడు. ఆమె సరేనన్నాకే కాలుస్తాడు. అంత గందరగోళంలో అనుమతి అడగాలన్న స్పృహ ఉన్నవాడు అతనొక్కడే.

చివరికి షేన్ దగ్గరికే వద్దాం. ఉచ్చుకర్రకు చిక్కిన వాకర్ ఛాతీలో వరసగా గుళ్లు దింపి, బతికున్న మనిషైతే ఇన్ని దెబ్బలకు నిలబడుతుందా అని నిలదీస్తాడు. వాదన సరైనదే. ఆ సమయంలో రిక్ చేతిలో కర్ర, దాని చివర పెనుగులాడే వాకర్. కర్ర పట్టుకోమని హెర్షెల్‌ను బతిమాలుతుంటాడు, హెర్షెల్ పలకడు. రిక్ చేతకానివాడని వెక్కిరించే వారికి ఈ దృశ్యమే ఆధారం. అయితే కాసేపటికి కొట్టం చీకట్లోంచి చివరగా సోఫియా బయటికి వస్తుంది. అందరూ కొయ్యబారిపోతారు. ఆ పిల్ల ఎప్పుడో చనిపోయి ఉంటుందని మొత్తుకున్న షేన్ కూడా కదలడు. వాళ్లందరినీ దాటుకుని ముందుకు నడిచి కాల్చినవాడు రిక్. వాదించి గెలిచినవాడెవరో, చేయక తప్పని పని చేసినవాడెవరో ఇక్కడ ఒక్క మాటా లేకుండా తేలిపోతుంది.

ఉలిక్కిపడేలా చేయడానికే ఆ మలుపు పెట్టారన్న ఆరోపణకూ నిలబడే కాళ్లు లేవు. ఈ సీరియల్‌కు మూలమైన రాబర్ట్ కిర్క్‌మన్ కామిక్‌లో సోఫియా చనిపోదు కాబట్టి అది చదివినవాళ్లు కూడా దీన్ని ఊహించలేకపోయారు, నిజమే. కానీ తర్వాతి ఎపిసోడ్‌లో ఒక సంగతి తెలుస్తుంది. వాకర్లను ఆ కొట్టంలోకి చేర్చినవాడు ఓటిస్. సోఫియాను కూడా అతనే తెచ్చి పెట్టి ఉంటాడు. చెప్పగలిగిన ఆ ఒక్కడినీ మూడో ఎపిసోడ్‌లోనే షేన్ చంపేశాడు. అంటే ఇన్నాళ్ల వెతుకులాట వృథా అని కేకలు వేసిన మనిషే అది వృథా కావడానికి కారకుడు. ఎవరూ దీన్ని నోరు తెరిచి చెప్పరు, ప్రేక్షకుడే లెక్క కట్టుకోవాలి. ఓటిస్ మరణాన్ని దాటవేసిన వారికి ఈ లెక్క ఎలా అందుతుంది?

నెమ్మదితనం చూసి జనం పారిపోయారన్న మాటకు అంకెలే జవాబు. అమెరికాలో ఈ సీజన్ మొదటి ఎపిసోడ్‌ను దాదాపు 73 లక్షల మంది చూస్తే, 2012 మార్చి 18 నాటి చివరి ఎపిసోడ్‌ను దాదాపు 90 లక్షల మంది చూశారు. ఖర్చు తగ్గించుకోవడానికే అందరినీ ఒకేచోట కూర్చోబెట్టారన్న వాదన కూడా ఉంది. 2011 జులైలో అప్పటిదాకా సీరియల్‌ను నడిపిన ఫ్రాంక్ డారాబాంట్‌ను తప్పించి గ్లెన్ మజారాకు పగ్గాలు ఇచ్చిన మాట వాస్తవం. తెర వెనక కారణం ఏదైనా, తెరమీదికి వచ్చిందాన్ని బట్టే తీర్పు చెప్పాలి.

నిజంగా సాగదీతకు ఉదాహరణ కావాలంటే ఎనిమిదో ఎపిసోడ్‌లో దొరుకుతుంది. ఎవరికీ చెప్పకుండా లోరీ ఒంటరిగా కారేసుకుని బయలుదేరి, దారిలో వాకర్‌ను గుద్ది కారు బోల్తా కొట్టిస్తుంది. ఆ పాత్ర స్వభావంలోంచి కాక రచయితల అవసరంలోంచి పుట్టిన ప్రమాదం అది. దాన్ని ఎంత తిట్టినా నేను అడ్డం రాను.