సొరుగులో డైరెక్టరమ్మ

"అర్హత ఉన్న మహిళలు దొరకడం లేదండీ."

డైరెక్టరు కుర్చీ గురించి ఈ మాట అంటున్నప్పుడు మన కంపెనీ పెద్దల మొహాల్లో కనిపించే దిగులు చూస్తే రాతిగుండె కూడా కరగాల్సిందే. పాపం, వెతకని చోటు లేదు. హాల్లో చూశారు, పూజగదిలో చూశారు, చివరికి వంటింట్లో భార్యగారు కనబడ్డారు. హమ్మయ్య, దొరికింది!

2013 నాటి కంపెనీల చట్టం 149వ సెక్షన్ ఏం అడిగిందని ఇంత బాధ? స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన ప్రతి కంపెనీ బోర్డులో కనీసం ఒక్క మహిళ ఉండాలంది. లిస్టు కాకపోయినా 100 కోట్ల మూలధనమో, 300 కోట్ల టర్నోవరో ఉన్న పబ్లిక్ కంపెనీలకూ ఇదే రూలు. పదిహేను కుర్చీల దాకా వేసుకోదగ్గ బల్ల దగ్గర ఒక్క కుర్చీ. స్టాక్ మార్కెట్లకు పెద్దదిక్కయిన నియంత్రణ సంస్థ సెబీ మొదట 2014 అక్టోబరు 1 గడువు పెట్టింది. అరవై కోట్ల ఆడవాళ్లున్న దేశంలో ఒక్కరిని వెతకడానికి ఆ వ్యవధి ఏ మూలకు? అందుకని 2015 ఏప్రిల్ 1కి జరిపింది. ఆ మార్చి ఆఖరి రోజుల్లో స్టాక్ ఎక్స్ఛేంజీలకు వెళ్లిన నియామకాల్లో ఎన్నో శుభలేఖ కింద పేర్లలా ఉన్నాయి: ఛైర్మన్ గారి ధర్మపత్ని, ఎండీ గారి అమ్మాయి, పెద్దకోడలు.

కొత్తగా ఈ పని చేయబోయేవారి కోసం పద్ధతి చెప్పుకుందాం. ముందు అమ్మగారి పేర డిజిటల్ సంతకం తీయించాలి. పాన్, ఆధార్, ఫోను ముందు నిలబడి కొన్ని సెకన్ల వీడియో. మొత్తం తతంగంలో ఆవిడ స్వయంగా పాల్గొనే ఘట్టం ఇదొక్కటే, కాస్త మంచి చీర కట్టుకోమనండి. సంతకం పెన్‌డ్రైవ్ లాంటి యూఎస్‌బీ టోకెన్‌లో వస్తుంది. తర్వాత డైరెక్టరు గుర్తింపు సంఖ్య. ఇక ఫారాలు: సమ్మతికి డీఐఆర్-2, అనర్హత ఏదీ లేదనడానికి డీఐఆర్-8, ఏయే సంస్థల్లో ఆసక్తి, అంటే వాటా లాంటి సంబంధం, ఉందో చెప్పడానికి ఎంబీపీ-1. ఆవిడకు ఈ కంపెనీలోనే ఆసక్తి లేదు, అయితే అది రాసుకోవడానికి ఆ ఫారంలో గడి లేదు. బోర్డు ఆవిడను అదనపు డైరెక్టరుగా తీసుకుంటుంది, ముప్పై రోజుల్లో ఆ నియామకం తెలిపే డీఐఆర్-12 దాఖలవుతుంది.

టోకెన్ మాత్రం అకౌంటెంటు సొరుగులోకి పోతుంది. స్టాంపు ప్యాడు, రబ్బరు బ్యాండ్లు, దసరా నాటి కుంకుమ పొట్లం, వాటి పక్కన డైరెక్టరమ్మ. పిన్ నంబరు మర్చిపోకుండా టోకెన్ మీదే స్టిక్కరు వేసి ఉంటుంది. ఓటీపీ సారు ఫోనుకు వస్తుంది. చట్టం దృష్టిలో కంపెనీకి ఇప్పుడు నిండుగా ఒక మహిళా నాయకత్వం ఉంది, దాన్ని జేబులో కూడా పెట్టుకోవచ్చు.

ఒక చిక్కుంది. పన్నెండు నెలల్లో జరిగిన ఒక్క మీటింగుకూ రాకపోతే, సెలవు అడిగినా సరే, 167వ సెక్షన్ కింద పదవి ఊడుతుంది. కాబట్టి ఏడాదికోసారైనా వీడియోలో దర్శనమివ్వాలి. తెర మీద ముందు సీలింగ్ ఫ్యాను కనిపిస్తుంది, తర్వాత సగం నుదురు. కంపెనీ సెక్రటరీ రూలు ప్రకారం అడుగుతాడు: "మేడమ్, మీరు ఎక్కడి నుంచి పాల్గొంటున్నారు? గదిలో ఇంకెవరూ లేరు కదా?"

"పనమ్మాయి ఉంది."

వర్కింగ్ క్యాపిటల్ పెంచుకునే తీర్మానం వస్తుంది. "మేడమ్, మీ అభిప్రాయం?" మ్యూట్ తీస్తారు. "ఆయన్ని భోజనానికి వస్తారో రారో చెప్పమనండి." మినిట్స్‌లో ఇది ఇలా నమోదవుతుంది: "మహిళా డైరెక్టరు నిర్దిష్ట కాలవ్యవధిపై స్పష్టత కోరారు. సుదీర్ఘ చర్చ అనంతరం తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించబడింది."

మన ఊళ్లలో సర్పంచి గారి భర్త కుర్చీలో కూర్చుంటే ఇదే పెద్దలు పకపకా నవ్వుతారు. పల్లెటూళ్లు కదా, చదువు లేదు కదా అంటారు.

సెబీకి కూడా ఈ వంటింటి వెతుకులాట తెలిసిపోయింది. 2019 ఏప్రిల్ నుంచి మార్కెట్ విలువలో మొదటి 500 కంపెనీల్లో, 2020 ఏప్రిల్ నుంచి మొదటి 1000 కంపెనీల్లో ఆ మహిళ స్వతంత్ర డైరెక్టరై ఉండాలంది. అంటే ప్రమోటరుకు, కంపెనీ పెట్టి నడిపించే యజమానికి, బంధువు కాకూడదు. బంధువంటే ఎవరు? చట్టం జాబితా ఇచ్చింది: భార్యాభర్తలు, ఉమ్మడి కుటుంబ సభ్యులు, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. అయిపోయింది. ఈ జాబితా రాసినవారు తెలుగు పెళ్లికి ఒక్కసారీ వచ్చి ఉండరు. భార్య చెల్లెలు ఏమైంది? అమ్మ చెల్లెలు పిన్ని? సాక్షాత్తూ వియ్యపురాలు? లాంఛనాల దగ్గర గంటన్నర వాదించి నెగ్గిన వియ్యపురాలు కంపెనీల చట్టం ప్రకారం ఎవరో దారిన పోయే మనిషి!

ఇంతకీ దొరకడం లేదంటున్నారు కదా. స్వతంత్ర డైరెక్టర్ల కోసం 2019 డిసెంబరు నుంచి ప్రభుత్వ డేటాబ్యాంకే ఉంది. మానేసర్‌లోని కార్పొరేట్ వ్యవహారాల సంస్థ నడుపుతోంది. పేరు, చదువు, అనుభవం అన్నీ అందులోనే. వెతకడానికి కంప్యూటరు తెరవాలి, బహుశా అక్కడే కష్టం. నార్వేలో బోర్డుల్లో మహిళలు 40 శాతం ఉండాలని 2003లో చట్టం చేశారు. అక్కడా మొదట దొరకలేదు. మాట వినని కంపెనీని రద్దు చేస్తామన్నారు, 2008కల్లా దొరికేశారు.

మన దగ్గర రద్దూ గిద్దూ లేదు, లిస్టయిన కంపెనీకి రోజుకు 5,000 రూపాయల జరిమానా. ఏడాదికి 18,25,000. డైరెక్టరుకిచ్చే సిట్టింగ్ ఫీజు మీటింగుకు లక్ష దాటకూడదు. తప్పనిసరి మీటింగులు నాలుగు, అంటే మహా అయితే 4 లక్షలు. నాలుగు లక్షలతో పోయేదానికి పద్దెనిమిది కట్టే మహానుభావులెవరంటారా? ఇండియన్ ఆయిల్, ఓఎన్‌జీసీ, గెయిల్ లాంటి సర్కారు కంపెనీలకు స్వతంత్ర డైరెక్టర్లో, మహిళా డైరెక్టరో తగినంత లేరని ఎక్స్ఛేంజీలు జరిమానా వేస్తూనే ఉన్నాయి. డైరెక్టర్లను వేసేది మేం కాదు, ప్రభుత్వం కాబట్టి మాఫీ చేయండని అవి రాస్తూనే ఉన్నాయి. చట్టం చేసిందీ వారే, వేయాల్సిందీ వారే, వేయందీ వారే.

నవ్వుకోవడం ఇక చాలు. ఆ సొరుగులో ఉన్నది బొమ్మ కాదు, ఒక మనిషి సంతకం. దాంతో బ్యాలెన్స్ షీట్లు దాఖలవుతాయి. బ్యాంకు మేనేజరు ముందు పెట్టిన వ్యక్తిగత హామీ కాగితాల మీదా ఆవిడ చేతే గీయిస్తారు, చదవనివ్వకుండా, "ఇక్కడ, ఇక్కడ, ఇంకా ఇక్కడ" అంటూ. చెక్కు బౌన్సయితే సమన్లు ఆవిడ పేర వస్తాయి. రోజువారీ వ్యవహారాలతో నాకు సంబంధం లేదని కోర్టు బోనులో ఆవిడే చెప్పుకోవాలి. మూడేళ్లు వరుసగా లెక్కలు దాఖలు చేయని కంపెనీల డైరెక్టర్లని 2017లో మూడు లక్షల మందికి పైగా అనర్హులను చేశారు, ఐదేళ్ల పాటు. టోకెన్ ఎవరి సొరుగులో ఉందని ఆ జాబితా అడగలేదు. లాభం వచ్చినప్పుడు "నీకు బిజినెస్ ఏం తెలుసు" అన్న నోరు, నోటీసు వచ్చినప్పుడు "డైరెక్టరువి నువ్వే కదా" అంటుంది. సిగ్గు లేదూ? అదే కంపెనీలో పాతికేళ్లు లెక్కలు చూసి, ఏ పద్దులో ఏ బొక్క ఉందో కళ్లు మూసుకుని చెప్పగల ఫైనాన్స్ మేనేజరమ్మ కింది అంతస్తులోనే కూర్చుని ఉంటుంది. ఆవిడ బోర్డులోకి వస్తే ప్రశ్నలు అడుగుతుంది. దొరకనిది అర్హత ఉన్న మహిళ కాదు, అడగని మహిళ.

డిజిటల్ సంతకానికి గడువు రెండు మూడేళ్లే. మళ్లీ వీడియో కావాలి. అకౌంటెంటు ఇంటికి ఫోను చేస్తాడు.

"అమ్మగారూ, మీ టోకెన్ అయిపోయిందండీ, ఒక్కసారి ఫోను ముందుకు రావాలి."

"ఏ టోకెనూ?"