డింగిల్ ఊరి బోర్డు మీద ఏ పేరు ఉండాలి?

ఐర్లండ్ పశ్చిమ తీరాన డింగిల్ అనే చిన్న రేవు ఊరు ఉంది. పర్యాటకుల రాకపోకలతో ఎప్పుడూ సందడిగా ఉండే చోటు. ఐరిష్ భాషను కాపాడుకోవడానికి ప్రభుత్వం ప్రత్యేకంగా గుర్తించిన ప్రాంతంలో ఉంది కూడా. 2005లో ఒక సర్కారు ఉత్తర్వు అమల్లోకి రావడంతో దారి బోర్డుల మీద ఇంగ్లిష్ పేరు పోయింది. 'అన్ డాంగ్యన్' అనే ఐరిష్ పేరొక్కటే మిగిలింది. డింగిల్ అని రాసి ఉన్న మ్యాపు పట్టుకుని వచ్చేవాళ్లు దారి తప్పుతారని ఊరివాళ్లకు టెన్షన్ పట్టుకుంది. కొందరైతే బోర్డుల మీద పాత పేరును తామే రాసేశారు. 2006లో ఊళ్లో ఓటింగ్ పెడితే, వచ్చిన 1,086 ఓట్లలో 1,005 ఓట్లు రెండు పేర్లూ ఉండాలన్న వైపే పడ్డాయి. చట్టం మారి రెండింటికీ గుర్తింపు దక్కింది మాత్రం 2011లోనే.

వాళ్లు ఐరిష్‌ను వద్దనలేదు. ఇంగ్లిష్ పేరు పక్కన 'డాంగ్యన్ ఈ హూష్' అనే నిండు ఐరిష్ పేరు కూడా కావాలన్నారు. ఈ విషయంలో నేను పూర్తిగా ఆ ఊరి పక్షమే. స్థానిక భాష బోర్డు మీద ఉండి తీరాలి. బయటివాళ్ల సౌకర్యం పేరుతో దాన్ని తీసేస్తే, పుట్టి పెరిగిన మనిషే సొంత ఊళ్లో దారి అడుక్కోవాల్సి వస్తుంది. ఆ అవమానం చిన్నది కాదు. కానీ భాష మీద ప్రేమతోనే అయినా, వచ్చినవాడికి దారి తెలియకుండా చేస్తే ఆ భాషకు ఒరిగేదేమీ లేదు.

పేరును రెండో భాషలో ఎలా రాయాలన్నది ఇంకో చిక్కు. టోక్యోలో పార్లమెంటు దగ్గరి బోర్డుల మీద 'కొక్కయ్' అనే జపాన్ మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి ఉంచేవారు. అక్షరాలు చదవగలిగినా విదేశీయుడికి అదేమిటో తెలియదు. 2013లో అలాంటి బోర్డులను ఇంగ్లిష్ మాటల్లోకి మార్చడం మొదలుపెట్టారు. అలాగని పేరంతా అనువదించేస్తే, ఆ పేరు చెప్పి దారి అడిగినప్పుడు అక్కడివాళ్లకు అర్థం కాదు. అందుకే క్యోటోలోని ప్రసిద్ధ ఆలయాన్ని 'కియోమిజు-దెరా టెంపుల్' అని రాస్తారు. 'దెరా' అన్నా గుడే, కాబట్టి గుడి అన్న మాట రెండుసార్లు వచ్చినట్టే. వ్యాకరణం పట్టింపు ఉన్నవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు, నాకు మాత్రం చాలా తెలివైన పని అనిపిస్తుంది. అక్కడివాళ్లు పిలిచే పేరు చెక్కుచెదరలేదు, అది గుడి అన్న సంగతి కొత్తవాడికీ తెలిసింది.

మరి అన్ని భాషలూ రాసేస్తే పోలేదా అంటారు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 22 మీటర్లు దాటేస్తుంది. నాలుగు లిపుల్లో తన లిపి ఏదో వెతుక్కునేలోపే మలుపు వెనకబడిపోతుంది. రోడ్డు మీద రెండు భాషలు చాలు. నడిచి వెళ్లే చోట, నిలబడి చదివే చోట ఎన్ని ఉన్నా ఇబ్బంది లేదు. సముద్రంలో లోతు, కొండ అంచు లాంటి ప్రాణాపాయం ఉన్నచోట బొమ్మ తప్పనిసరి. అయితే 'అల తగ్గాక కూడా నీళ్లు లోపలికి లాగేస్తాయి' అని బొమ్మ ఒక్కటే చెప్పలేదు. అక్కడికి ఎక్కువగా ఏ భాషల వాళ్లు వస్తారో చూసి ఆ భాషల్లోనూ రాయాల్సిందే.

ఏ భాషలో రాయాలో తేల్చుకున్నాక దాన్ని సరిగ్గా రాయడం మీద చాలాచోట్ల శ్రద్ధ కనిపించదు. 2008లో వేల్స్‌లోని స్వాన్సీలో భారీ వాహనాలకు ప్రవేశం లేదని ఒక బోర్డు పెట్టారు. ఇంగ్లిష్ సరిగ్గానే ఉంది. కింద అక్కడి స్థానిక భాష వెల్ష్‌లో మాత్రం 'నేను ప్రస్తుతం ఆఫీసులో లేను, అనువదించాల్సింది ఏదైనా ఉంటే పంపండి' అని ఉంది. అనువాదం కోసం ఈమెయిల్ పంపితే తిరిగొచ్చిన ఆటోమేటిక్ జవాబును అనువాదం అనుకుని అచ్చేశారు. దాన్ని రోడ్డు పక్కన నిలబెట్టే ముందు వెల్ష్ వచ్చిన మనిషి ఒక్కరు చూసినా ఆగిపోయేది. భాషను చట్టంతో గౌరవించి, చదివి చూడకుండా వదిలేశారు. బోర్డు బిగించే ముందు దాన్ని ఊరి మనిషి ఒకరితో, ఆ చోటు తెలియని కొత్త మనిషి ఒకరితో చదివించాలి. దానికి పట్టేది పది నిమిషాలు.