సవరణ: రాబీ దీవికి తరలించింది నౌరూ ప్రజలను కాదు

పసిఫిక్‌లో ఎరువులకు వాడే ఫాస్ఫేటు తవ్విన దీవుల గురించి నేను పెట్టిన పోస్టులో నౌరూ బ్రిటిష్ కాలనీ అనీ, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి జనాన్ని ఫిజీలోని రాబీ దీవికి తరలించారనీ రాశాను. రెండూ తప్పే, మూడు వందల కిలోమీటర్ల ఎడంలో ఉన్న నౌరూ, బనాబా అనే రెండు దీవుల కథలను కలిపేశాను. ఆ దీవుల చరిత్ర పుస్తకాలు, మాండేటు (నానాజాతి సమితి అప్పగించిన పాలన) కాలపు అధికార పత్రాలు చెప్పేది ఇదీ.

1945 డిసెంబరులో రాబీ చేరింది బనాబా వాసులు. గిల్బర్ట్, ఎల్లిస్ దీవుల బ్రిటిష్ కాలనీలో ఉన్నది బనాబాయే. 1900లో ఏడాదికి 50 పౌండ్ల చొప్పున 999 ఏళ్లకు బ్రిటిష్ కంపెనీ తవ్వకం హక్కు రాయించుకున్నదీ అక్కడే. రాబీని కొన్నది కూడా వాళ్ల ఫాస్ఫేటు సొమ్ముతోనే. దీన్ని పునరావాసం అనడానికి నాకు నోరు రాదు.

నౌరూ 1888 నుంచి జర్మనీ చేతిలో ఉంది. 1914లో ఆస్ట్రేలియా సేన ఆక్రమించింది. ఆ పైన నానాజాతి సమితి మాండేటు. కాగితం మీద బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల ఉమ్మడి బాధ్యత; పాలనాధికారిని పంపింది ఆస్ట్రేలియా. ఫాస్ఫేటు వాటాలు మాత్రం కచ్చితంగా రాసుకున్నారు: అదే వరుసలో 42, 42, 16 శాతం.

నౌరూ ప్రజలనూ తరలించారు, అయితే ఆ పని చేసింది జపాన్ సైన్యం. 1943లో సుమారు 1,200 మందిని ట్రూక్ దీవులకు (ఇప్పటి మైక్రోనేషియాలోని చూక్) తీసుకుపోయింది. బతికి బయటపడ్డవారు 1946 జనవరిలో తిరిగొచ్చారు. పాత పోస్టులో ఆ రెండు వాక్యాలూ మార్చాను.