ఇంజన్ వయసు చెప్పే కిలోమీటర్ల మీటరు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కిలోమీటర్ల మీటరు గారి సముఖమునకు,

బెంగళూరు నుంచి తమ విధేయుడు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇచ్చట మేమందరమూ క్షేమము. తమరు కూడా క్షేమమేనని, అసలు తమరికి వయసు మీద పడటమే లేదని, హోసూరు రోడ్డు పక్కన ఒక షెడ్డులో తమరిని దర్శించిన మీదట తెలిసి మిక్కిలి సంతోషించితిమి. పన్నెండేళ్ల బస్సులో కూర్చుని, పన్నెండేళ్ల దుమ్ము పీల్చి, 1,84,210 దగ్గర నిశ్చలంగా నిలిచిన తమరి స్థితప్రజ్ఞత యోగులకైనా సాధ్యం కాదు. ఇక గ్రాంథికం చాలించి మామూలు భాషలోకి వస్తాను. ఎంతైనా ఇది డబ్బు వ్యవహారం.

ఈ లేఖకు కారణం తమరి మీద కోపం కాదు, తమరి మాట మీద కొనేవాళ్లకున్న భక్తి. మదనపల్లె దగ్గర ఒక ఫ్యాక్టరీకి పనివాళ్లను చేరవేసే కాంట్రాక్టు ఒప్పుకున్న మా బావగారు, నాలుగైదేళ్లు పెద్ద ఖర్చు పెట్టించకుండా తిరిగే పాత బస్సు కోసం బెంగళూరు వచ్చి, నన్నూ, కలాసిపాళ్యంలో ఏళ్ల తరబడి డీజిల్ ఇంజన్లు విప్పి బిగిస్తున్న మా పలమనేరు మేస్త్రీనీ వెంటబెట్టుకుని బయలుదేరారు. మాతో తెలుగులో, ఓనరుతో కన్నడంలో, ఫోనులో ఎవరితోనో హిందీలో మాట్లాడుతున్న బ్రోకరు, బస్సెక్కీ ఎక్కగానే తమరి అద్దం మీది దుమ్మును చొక్కా అంచుతో తుడిచి, "సార్, రీడింగ్ చూడండి, రెండు లక్షలు కూడా కాలేదు, ఇంజన్ ఇంతవరకు ఎవరూ ముట్టుకోలేదు" అన్నాడు. బావగారి ముఖం వెలిగింది. మేస్త్రీ మాత్రం తమరి వైపు కన్నెత్తి అయినా చూడకుండా క్లచ్ పెడల్ దగ్గరికి వంగాడు. దాని రబ్బరు ఎప్పుడో అరిగిపోయి ఇనుము తేలింది. ఆ ఇనుము కూడా ఎడమ అంచున నున్నబడి ఉంది. దాన్ని బొటనవేలితో ఒకసారి తడిమి, ఏమీ అనకుండా లేచాడు.

తమరి గౌరవానికి భంగం కలగకుండా ఆ అంకెను ఒకసారి సరిచూద్దాం. పన్నెండేళ్లకు 1,84,210 కిలోమీటర్లంటే రోజుకు సుమారు 42. ఈ బస్సు మొదటినుంచీ కృష్ణరాజపురం నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి రెండు షిఫ్టుల సిబ్బందిని తిప్పిందని ఓనరే గర్వంగా చెప్పాడు. ఆ దారి ఒకవైపే పాతిక కిలోమీటర్లకు తగ్గదు. రోజుకు నాలుగు విడతలు, ఏడాదికి 300 రోజులు అని తక్కువలో తక్కువ వేసుకున్నా లెక్క 3,60,000 దగ్గర తేలుతుంది. మిగతా సగం ప్రయాణం జరిగినప్పుడు తమరు కేబుల్ తెగి సెలవులో ఉన్నారో, ఎవరైనా దయతలచి తమరిని వెనక్కి తిప్పి యవ్వనం ప్రసాదించారో మాకు అనవసరం. ఐదంకెల మీటర్లయితే 99,999 దాటగానే సున్నా నుంచి కొత్త జన్మ ఎత్తుతాయి. తమరికి ఆరంకెలు ఉన్నాయి కనుక పునర్జన్మ వాదన కూడా చెల్లదు.

నిజానికి మా ప్రధాన ఫిర్యాదు ఈ తేడా గురించి కాదు. తమరు హరిశ్చంద్రుడి వంశంలో పుట్టి ప్రతి కిలోమీటరూ తు.చ. తప్పకుండా రాసి ఉన్నా, అది తమరి శాఖ సమాచారమే అవుతుంది తప్ప ఇంజన్ శాఖది కాదు. తమరి కేబుల్ గేర్‌బాక్సు వెనక షాఫ్టు దగ్గర మొదలవుతుంది కాబట్టి చక్రం తిరిగితేనే తమరికి కబురు అందుతుంది. సిల్క్ బోర్డు కూడలిలో బస్సు అరగంట కదలకుండా నిలబడి, ఇంజన్ మాత్రం ఆగకుండా తిరుగుతూ డీజిల్ కాలుస్తున్నంతసేపూ తమరి ఖాతాలో ఒక్క మీటరు కూడా చేరదు. గంటకు సగటున 15 కిలోమీటర్లు పోయే ఊరి బస్సు 10,000 గంటలు నడిస్తే తమరు 1,50,000 చూపుతారు. గంటకు 50 చొప్పున కడప, కర్నూలు దారి పట్టే బస్సు అవే 10,000 గంటలు నడిస్తే 5,00,000 చూపుతారు. ఇంజన్లు తిరిగిన గంటలు సమానమే అయినా, తమరి సర్టిఫికెట్టు ప్రకారం మొదటిది పసిబిడ్డ, రెండోది కాటికి కాళ్లు చాపింది. పైగా ఖాళీగా తిరగడం ఇంజన్‌కు విశ్రాంతి అనుకోవడం పెద్ద భ్రమ. భారం లేకుండా గంటల తరబడి తిరిగే ఇంజన్‌లో వేడి చాలక డీజిల్ పూర్తిగా కాలదు. కాలనిది పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పక్క నుంచి జారి ఆయిల్‌ను పలచన చేస్తుంది. నూనె నిలవడానికి లైనరు (పిస్టన్ ఆడే గొట్టం) గోడ మీద గీసిన అడ్డగీతలు మూసుకుపోయి, లోపల అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుపు చూసి ముచ్చటపడేవాళ్లూ ఉన్నారు. ఇంజన్ ఎంత బతుకు బతికిందో చెప్పగలిగే అంకె ఏదైనా ఉందంటే అది ఇంతవరకు కాల్చిన డీజిల్ లీటర్ల లెక్క, ఆ తర్వాత తిరిగిన గంటల లెక్క. డీజిల్ బిల్లులు చూపమని బావగారు అడిగితే ఓనరు మళ్లీ తమరినే చూపించాడు.

కాబట్టి తమరిని పక్కన కూర్చోబెట్టి అసలు సాక్షులను పిలిచాం. మొదటి సాక్షి ఇంజన్ వేడి. డిసెంబరు నెల, పొద్దున ఏడు గంటలు, బెంగళూరు చలి. మేస్త్రీ డ్రైవరు పక్కనున్న బోనెట్ ఎత్తి, సెల్ఫ్ కొట్టకముందే ఇంజన్ పైమూత అయిన రాకర్ కవరు మీద చెయ్యి పెట్టి, "అన్నా, ఇది మనకంటే ముందే లేచింది" అన్నాడు. చల్లటి ఇంజన్ ఎంతసేపు సెల్ఫ్ తింటుందో, మొదటి నిమిషంలో ఎంత తెల్లపొగ కక్కుతుందో కొనేవాళ్ల కంట పడకుండా ముందే వేడి చేసి ఉంచడం ఈ వ్యాపారంలో పాత మర్యాద. మేము టీ తాగి, ఇడ్లీ తిని, తర్వాత ఇంకో బండి చూసి, మధ్యాహ్నానికి ఇంజన్ చల్లారాకే మళ్లీ వచ్చాం.

రెండో సాక్షి బ్యాక్ కంప్రెషన్. రింగులు, లైనర్లు అరిగినప్పుడు మండే గ్యాసు పిస్టన్ పక్కగా ఆయిల్ ఉండే కింది ఛాంబర్‌లోకి దిగి బ్రీదర్ పైపు గుండా బయటికి వస్తుంది. ఈ బస్సుకు ఎవరో పుణ్యాత్ముడు ఆ పైపుకు పొడవాటి రబ్బరు గొట్టం తగిలించి, చాసిస్ వెనకదాకా లాగి, పొగ ఎవరి కంటా పడకుండా దాచాడు. మేస్త్రీ గొట్టం పీకేసి, ఐడిలింగ్‌లో ఆయిల్ పోసే మూత విప్పి, దాన్ని బోర్లించి కన్నం మీద వదిలాడు. మూత ఎగిరి ఎగిరి పడుతూ చివరికి పక్కకు జారింది. బావగారు వెంటనే "ఇంజన్ పోయింది, పదండి" అని బస్సు దిగబోయారు. మేస్త్రీ ఆపాడు. ఎయిర్ బ్రేకులున్న బస్సులో కంప్రెసరు కూడా ఇంజన్ ఆయిల్ మీదే బతుకుతుంది. దాని రింగులు అరిగినా గాలి ఇదే ఛాంబర్‌లోకి వస్తుంది. ఎయిర్ ట్యాంకు డ్రెయిన్ తిప్పితే నీళ్లతో పాటు జిడ్డు ఆయిల్ చెంచాడు కారింది. కంప్రెసరు డెలివరీ పైపు వదులు చేసి, ఒత్తిడి కట్టకుండా చూసి మళ్లీ మూత పెడితే, ఈసారి వణికింది కానీ జారలేదు. అంటే నేరంలో కొంత భాగం కంప్రెసరుది. ఇది తేల్చుకోకుండా ఫుల్ ఇంజన్ పని చేయించి, తర్వాత కూడా మూత ఎందుకు ఎగురుతోందని తలలు పట్టుకునేవాళ్లు ఉన్నారు.

పొగ రంగును బట్టి తీర్పు చెప్పేవాళ్లు వీధికి పదిమంది. భారం మీద నల్లపొగ వస్తే ముందు ఎయిర్ ఫిల్టరు, డీజిల్ చిమ్మే నాజిల్స్, ఆ తర్వాత డీజిల్ పంపు చూడాలి. అందుకోసం పిస్టన్లు మార్చనక్కర్లేదు. నీలిపొగ ఆయిల్ కాలుతున్న గుర్తు. అది దిగుడు దారిలో యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడే వస్తే వాల్వు కాడలు ఆడే గైడ్ల మీద అనుమానపడాలి. ఎత్తు ఎక్కుతున్నంతసేపూ ఆగకుండా వస్తే రింగులను అనుమానించాలి. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకుండా, రేడియేటర్ నీళ్లు తగ్గుతుంటే సిలిండర్ల పైనుండే హెడ్ కింది గ్యాస్కెట్ దగ్గర కూర్చోవాలి. మన బస్సు ఎత్తు మీద నీలం పట్టింది, పెద్దగా కాదు కానీ పట్టింది.

ఆయిల్ విషయంలో ఓనరు ఔదార్యం చూపాడు. డిప్‌స్టిక్ తీస్తే తేనె రంగులో మెరిసింది. డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడుతుంది కాబట్టి నలుపు తప్పు కాదు. ఇంత బంగారంగా ఉండటమే అనుమానం. రెండు వేళ్ల మధ్య సాగదీస్తే మామూలు 15డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్ కంటే చిక్కగా తీగలాగింది. ప్రెషరు నిలబెట్టడానికి గేర్ ఆయిల్ కలిపి ఉంటారని మేస్త్రీ అనుమానం. ఆయిల్ నమూనాను ల్యాబుకు పంపితే ఇనుము లైనరు నుంచి, క్రోమియం రింగుల నుంచి, సీసం, రాగి బేరింగుల నుంచి, సిలికాన్ దుమ్ము నుంచి వచ్చాయని విడివిడిగా చెబుతారు. కానీ నిన్న పోసిన ఆయిల్ ఏ సాక్ష్యమూ చెప్పలేదు. అదృష్టవశాత్తూ ఆయిల్ మార్చినవాడు ఫిల్టరు మార్చకుండా ఆ డబ్బు మిగుల్చుకున్నాడు. జె.సి. రోడ్డు నుంచి కొత్త ఫిల్టరు మేమే తెప్పించి, పాతదాన్ని కోసి, పేపరు మడతలు ఎండలో విప్పి చూశాం. మసి ఉంది, అయస్కాంతానికి కాస్త సన్నటి ఇనుప పొడి అంటుకుంది. బేరింగు తునకల మెరుపు మాత్రం ఎక్కడా లేదు. పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్, ఇంకా బతికే ఉందని ఆ రోజంతటిలో మాకు దొరికిన ఒకే ఒక మంచి మాట ఆ చెత్త ఫిల్టరు చెప్పింది, తమరు చెప్పలేదు.

"ఎవరూ ముట్టుకోలేదు" అన్న వాక్యం కూడా అంతసేపు నిలవలేదు. ఆయిల్ ఛాంబర్ అంచు వెంట ఎర్రటి గ్యాస్కెట్ పేస్టు పిండుకొచ్చి ఉంది. అడిగితే, "ఒకసారి చిన్న పని చేయించాం, కంపెనీ పనే" అన్నాడు ఓనరు, బిల్లు లేదు. ఇంజన్ విప్పడం పాపమేమీ కాదు, శాస్త్రోక్తంగా చేసిన పని ఇంజన్‌కు ఆయుష్షే. కానీ ఏం మార్చారన్నది తెలియాలి. ఇంజన్ దింపకుండా రింగులు మాత్రం మార్చి, పాత లైనర్లలోనే తోసేయడాన్నీ, కొత్త లైనర్లు, పిస్టన్లు వేసి, బేరింగులు మార్చి, హెడ్ చేయించి, పంపు కాలిబ్రేషన్ పెట్టించడాన్నీ మన ఊళ్లో ఒకే పేరుతో "ఇంజన్ పని" అంటారు. క్రాంక్‌ను లేత్‌లో గ్రైండింగ్ చేయించిన ప్రతిసారీ సాధారణంగా పావు మిల్లీమీటరు తగ్గుతుంది, ఆ సైజు బేరింగు షెల్ వీపు మీద 0.25, 0.50, 0.75 అని గుద్ది ఉంటుంది. టాటా 697 లాంటి ఇంజన్‌కు పుట్టుకతో వచ్చిన కొలత పేరులోనే ఉంది, 6 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వ్యాసం). అక్కడి నుంచి ఎంత అరిగిందో బోర్ గేజి చెబుతుంది. ఇంజన్‌కు నిజమైన జాతకం ఏదైనా ఉంటే అది ఈ కొలతలే. అవి చూడాలంటే ఛాంబర్ దించి ఒక బేరింగు క్యాప్ విప్పాలి. ఓనరు ఒప్పుకోలేదు. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు) ఉంది కదా అన్నాడు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా చేసే ఆ పరీక్షలో బ్రేకులు, దీపాలు, పొగ చూస్తారే తప్ప బేరింగుల ఆయుర్దాయం ఎవరూ రాసివ్వరు.

తమరి తర్వాతి తరం గురించి ఒక మాట. ఎలక్ట్రానిక్ ఇంజన్లున్న బస్సుల్లో కంప్యూటరుకు స్కానరు పెడితే, చాలావాటిలో మొత్తం తిరిగిన గంటలు, కాల్చిన డీజిల్, ఖాళీగా నిలబడి తిరిగిన సమయం విడివిడిగా చెబుతుంది. డ్యాష్‌బోర్డులో తమరి మనుమడు చూపే అంకెకూ దానికీ పొంతన కుదరనప్పుడు బ్రోకర్ల ముఖాలు చూడదగ్గవి. మా బేరం మాత్రం పాత పంపు ఇంజన్‌తో కాబట్టి మేస్త్రీ చెవి, వేళ్లు, అయస్కాంతమే మాకు స్కానరు.

చివరికి మేస్త్రీ లెక్క ఇలా తేలింది: కంప్రెసరు వెంటనే మార్చాలి, లైనర్లు, పిస్టన్లు, రింగులు ఏడాదిలోపు, హెడ్ పని దాంతోపాటే, క్రాంక్ చూపించలేదు కాబట్టి దాని ఖర్చు కూడా ఉందనే లెక్క. బావగారు ఆ మొత్తాన్ని అడిగిన ధరలోంచి తీసేసి తమ మాట చెప్పారు. "మరి రీడింగ్ తక్కువ ఉంది కదా సార్" అని బ్రోకరు ఆఖరి అస్త్రం తీశాడు. ఆ అంకె విలువ ఎంతో విడిగా చెబితే దాన్నీ మినహాయిస్తామని మేస్త్రీ బదులిచ్చాడు. సాయంత్రం దాకా లాగి, ఓనరు ఇంకాస్త కలిపి ఇమ్మని, బేరం కుదిరింది.

కనుక ఇందుమూలముగా తమరికి తెలియజేయునది ఏమనగా, ఇంజన్ శాఖలో తమరి డెప్యుటేషన్ ఈ తేదీతో రద్దయినది. తమరిని సొంత శాఖకు, అనగా చక్రాల శాఖకు తిరిగి పంపడమైనది. టైర్లు, బ్రేకు లైనింగులు, గేర్‌బాక్సు ఆయిల్, హబ్ గ్రీజు దారి పొడవును బట్టే అరుగుతాయి కాబట్టి అక్కడ తమరి మాటకు విలువ ఉంది. విధులు సక్రమంగా నిర్వహించేందుకు కొత్త కేబుల్ మంజూరు చేయడమైనది. తమరి పక్కనే గంటల మీటరు ఒకటి బిగిస్తున్నాం. దానితో వాదులాడవద్దని మనవి.

ఇట్లు,
తమ విధేయుడు,
పాత బస్సు కొన్న బావగారి తరఫున