మబ్బు పట్టగానే బ్యాగు ఒళ్లోకి

2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీలను ముంచింది. నీళ్లు తీశాయి, గోడల మీది మరకలకు సున్నం పడింది. డాబాల మీద పాల ప్యాకెట్ కోసం, పడవ కోసం ఎదురుచూసిన పిల్లలు మళ్లీ బడికొచ్చారు. వాళ్లలో ఒకడు మబ్బు పట్టగానే కింద ఉన్న బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుంటున్నాడనుకుందాం. పాఠం వినడు, కిటికీ వైపే చూస్తుంటాడు. ‘ధ్యాస ఎక్కడుందిరా?’ అని మాస్టారు గద్దిస్తే ఇక ఆ రోజంతా నోరు విప్పడు.

అది పొగరు కాదు. భయం పట్టిన ఒళ్లు ముందు తప్పించుకునే దారి వెతుకుతుంది, ఎక్కాలు ఆ తర్వాతే. తాగొచ్చి కొట్టే తండ్రి ఉన్న ఇంటి పిల్లదీ, కరోనాలో తల్లిని పోగొట్టుకున్న పిల్లాడిదీ ఇదే బాధ. ఒకరిలో అది కోపం, ఇంకొకరిలో నిద్రమత్తు, మరొకరిలో రోజూ కడుపునొప్పి. మనం మాత్రం మొండి, మొద్దు అని పేర్లు పెట్టేస్తాం.

కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. అయినా బెత్తం వదలని బడులున్నాయి. ఇంట్లో దెబ్బలు తినే పిల్లకు బడిలోనూ అదే ఎదురైతే ఎక్కడికి పోతుంది? ఆ పిల్లను క్లాసు ముందు నిలబెట్టి ఏం జరిగిందని అడగొద్దు. టెన్షన్ పెరిగితే కాసేపు వరండాలోకి వెళ్లనివ్వాలి. పరీక్షో, సార్ మార్పో ఉంటే ముందురోజే చెప్పాలి. నమ్మి మాట్లాడగలిగే పెద్ద మనిషి ఒక్కరు బడిలో ఉన్నా చాలా తేడా వస్తుంది. ఆ మనిషి కొన్నిచోట్ల టీచర్ కాదు, ఆయా. లైంగిక వేధింపు అని తెలిస్తే మాత్రం గుట్టుగా సర్దేయకూడదు. పోలీసులకు చెప్పడం పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి.

మంచి మనసున్న టీచర్‌కైనా శిక్షణ కావాలి. విశాఖలో చదువుకుంటున్న విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, సిబ్బందికి ఏటా కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని చెప్పింది. విజయవాడ, గుంటూరు హాస్టళ్లకు ఇది ఎంత అవసరమో వేరే చెప్పాలా? బోర్డు మీద పేరు రాసి ఊరుకుంటే కుదరదు, ఆ మనిషి గదిలో కూర్చోవాలి. వచ్చే వానాకాలంలోపు బుడమేరు ముంపు ప్రాంతాల ప్రభుత్వ బడుల నుంచే ఈ పని మొదలుపెట్టాలని ఎన్టీఆర్ జిల్లా విద్యాశాఖను కోరుతున్నాం.