తొంభై రెండు మార్కుల నాలుక

రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే పెద్దమనిషి మీద నాకు పీకల దాకా కోపం ఉంది. ఆయన నాకు చేసిన అపకారం ఏమీ లేదు. ఆయన ముఖం కూడా నేను చూడలేదు. కానీ పగలంతా ల్యాబులో ఒళ్లు వంచి పనిచేసి, సాయంత్రం పూట ఒక గ్లాసు వైన్ ముందు పెట్టుకుని, శాస్త్రాన్ని కాసేపు చెప్పుల దగ్గర వదిలేసి హాయిగా కూర్చునే మా బావగారిలాంటి శాస్త్రవేత్తల పరువు తీసి పందిట్లో పెట్టాడు. పైగా తనూ శాస్త్రవేత్తే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా!

హాడ్జ్‌సన్ చదువు సముద్ర శాస్త్రం. కాలిఫోర్నియా ఉత్తరాన హంబోల్ట్ స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేశాడు. సరదా వైన్. ఆ సరదా ముదిరి ఫీల్డ్‌బ్రూక్ పేరుతో సొంతంగా ఒక చిన్న వైనరీ పెట్టుకున్నాడు. ఇంతవరకూ మెచ్చుకోదగ్గ జీవితమే. చిక్కంతా పోటీలతో వచ్చింది. తన వైన్ పంపిస్తే ఒకచోట బంగారు పతకం వచ్చేది, అదే వైన్ ఇంకోచోటికి పంపిస్తే కనీసం కంచు కూడా వచ్చేది కాదు. లోకజ్ఞానం ఉన్నవాడైతే ఏం చేస్తాడు? పతకం స్టిక్కర్ సీసాకు అంటిస్తాడు, పతకం రాని చోట జడ్జీలకు జలుబు చేసి ఉంటుందని సరిపెట్టుకుంటాడు. ఈయనకు అలా కాకుండా అనుమానం వచ్చింది. అనుమానం వచ్చిన ప్రొఫెసర్‌ను, అందులోనూ రిటైరైన ప్రొఫెసర్‌ను, ఎవరు ఆపగలరు?

శాక్రమెంటోలో ఏటా జరిగే కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ వైన్ పోటీ చాలా పేరున్నది. 2005 నుంచి ఆయన అక్కడి జడ్జీల మీద ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. నిర్వాహకులూ ఒప్పుకున్నారు, పాపం, జరగబోయేది తెలియక. జడ్జి ముందు ఒక విడతకు ముప్ఫై గ్లాసులు వరసగా పెడతారు. వాటిలో మూడు గ్లాసుల్లోది ఒకే సీసాలోంచి పోసిన వైన్. ఆ సంగతి జడ్జికి చెప్పరు. అంతే ప్రయోగం. ఇంతకన్నా చవగ్గా మనుషుల పరువు తీసే పద్ధతి సైన్సులో ఇంకోటి లేదు.

ఫలితాలు 2008లో జర్నల్ ఆఫ్ వైన్ ఎకనామిక్స్‌లో వచ్చాయి. ఒకే జడ్జి, ఒకే సీసా, ఒకే పూట. అయినా మార్కులు మామూలుగా నాలుగు అటో ఇటో తేడా. ఇందాక 91 తెచ్చుకున్న వైన్‌కు కాసేపటికి 87, ఇంకాసేపటికి 95. అంటే కంచు నుంచి బంగారం దాకా ఆ వైన్ కూర్చున్న చోటనే ప్రయాణం చేసి వచ్చింది. నిలకడగా మార్కులు వేసినవాళ్లు పదిమందిలో ఒక్కరు. పోనీ ఆ ఒక్కరినైనా నెత్తిన పెట్టుకుందామంటే, మరుసటి ఏడు వాళ్లూ మిగతావాళ్లలో కలిసిపోయారు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని మనవాళ్లు ఎప్పుడో ఒప్పేసుకున్నారు. ఒక జిహ్వకే మూడు రుచులుంటాయని లెక్క తేల్చిన ఘనత మాత్రం హాడ్జ్‌సన్‌దే.

ఒక్క చోట జడ్జీలు కాస్త నిలకడ చూపించారు. నచ్చని వైన్ దగ్గర. నచ్చినదాని మీద మాట మారుస్తారు కానీ, నచ్చనిదాన్ని మళ్లీ ఇచ్చినా మళ్లీ ఛీ అంటారు. మా పెద్దత్తను ఎరిగినవాళ్లకు ఇందులో ఆశ్చర్యపడేదేమీ కనిపించదు.

ఇదే స్టేట్ ఫెయిర్‌లో 2007లో రాష్ట్రంలోకెల్లా మంచి షార్డొనేగా (అదొక తెల్ల వైన్ రకం) డబుల్ గోల్డ్ కొట్టింది ఏదనుకున్నారు? ట్రేడర్ జోస్ కొట్లలో సీసా 1.99 డాలర్లకు అమ్మిన చార్లెస్ షా. ఈ సంగతి మా బావగారి ముందు ఎత్తకూడదని ఇంట్లో అందరికీ ఒక అవగాహన ఉంది.

బావగారి గురించి ఇప్పుడు చెప్పాలి. (మద్యపానం ఆరోగ్యానికి హానికరం. సినిమావాళ్లకున్న బాధ్యత కాలమ్ రాసేవాళ్లకు మాత్రం ఉండదా?) ఆయనది తెనాలి. కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసి కాలిఫోర్నియాలోనే స్థిరపడ్డారు. ల్యాబులో ఆయన పేరు చెబితే కుర్రాళ్లకు టెన్షన్. తూకం మిషన్ మీద క్యాలిబ్రేషన్ స్టిక్కర్ గడువు ఒక్కరోజు దాటినా దాని మీద తీసిన రీడింగ్ మొత్తం చెత్తబుట్టలోకే. పోల్చి చూడ్డానికి కంట్రోల్ శాంపిల్ లేకుండా ఎవరైనా గ్రాఫ్ తెస్తే, "ఇది డేటా కాదు నాన్నా, కథ" అని వెనక్కి పంపేస్తారు. అలాంటి మనిషి తన నాలుకకు మాత్రం ఏ స్టిక్కరూ అడగరు. అది తెనాలిలో తయారై, చిన్నప్పటి నుంచి ఆవకాయలో నాని, పొగలు కక్కే కాఫీలో కాలి, మధ్యలో ఒక్కసారైనా సర్వీసింగ్‌కు వెళ్లని పరికరం. దాని రీడింగే ఫైనల్.

తంతు చూడాల్సిందే. టేబుల్ మీద తెల్ల కాగితం పరుస్తారు. గ్లాసును కాడ దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని కాగితం మీదికి వంచి, రంగు అంచు దగ్గర ఎలా పలచబడుతోందో చూస్తారు. తర్వాత గిరగిరా తిప్పుతారు. ముక్కు మొత్తం గ్లాసులోకి దూర్చేస్తారు, కళ్లజోడు అంచు గాజుకు తగిలి టింగుమంటుంది. ఒక గుక్క నోట్లో పోసుకుని, పెదాలు సున్నాలా చుట్టి లోపలికి గాలి పీలుస్తారు. అప్పుడు వచ్చే చప్పుడుకు పక్కగదిలో చదువుకునే మేనకోడలు తలుపేసుకుంటుంది. చివర్న ఉమ్మేయాలని నియమం. ల్యాబ్ నోట్‌బుక్‌లో తేదీ, సీసా వివరం, వైన్ ఉష్ణోగ్రత, గ్లాసు రకం అన్నీ ఎక్కుతాయి. వాటి కింద తీర్పు: "బ్లాక్ కరెంట్, సిగార్ పెట్టె, తడిసిన రాయి. ముగింపు పొడుగు. 92."

బ్లాక్ కరెంట్ అనేది ఒక నల్ల పండు. తెనాలి మార్కెట్లో దొరకదు. అమెరికాలోనూ అది అరుదే. పైన్ చెట్లకు తెగులు తెస్తోందని 1910ల్లో దాని సాగు నిషేధించారు, కేంద్ర నిషేధం 1966 దాకా నడిచింది, కొన్ని రాష్ట్రాల్లో ఆ తర్వాత కూడా ఉండిపోయింది. మరి బావగారికి ఆ వాసన ఎక్కడ తగిలింది? ఇంకొకరి రివ్యూలో. ఆ ఇంకొకరికో? అడక్కండి.

"నిన్న పప్పుచారులో ఇంగువ వేయడం మర్చిపోయాను, రెండోసారి కూడా పోసుకుని తిన్నారు, ఒక్క మాట అనలేదు" అంది మా అక్క. బావగారు నొచ్చుకోలేదు. "అది భోజనం, ఇది టేస్టింగ్" అన్నారు.

ఆయన పక్షాన కూడా నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఈ వాసనలన్నీ గాలి కబుర్లు కావు. కాబెర్నే సొవీన్యోఁ అనే ఎర్ర వైన్‌లో క్యాప్సికమ్ వాసన వస్తోందంటే అందులో నిజంగానే క్యాప్సికమ్‌లో ఉండే పైరజీన్ అనే రసాయనం ఉంది. లీటరుకు నానోగ్రాముల్లో ఉన్నా ముక్కు పసిగడుతుంది. షిరాజ్ అనే ఇంకో ఎర్ర వైన్‌లో మిరియాల ఘాటుకు కారణం రోటండోన్ అనే పదార్థమని 2008లో ఆస్ట్రేలియావాళ్లు తేల్చారు. మన మిరియాల్లో ఉండేది కూడా అదే. అయితే ఐదుగురిలో ఒకరికి ఆ వాసన బొత్తిగా తెలియదు. అంటే ఒకే సీసాకు నలుగురు "ఆహా, మిరియం" అని రాస్తే, ఐదోవాడు "ఎక్కడ?" అని రాస్తాడు, ఐదుగురూ నిజమే చెబుతున్నట్టు. డేవిస్ యూనివర్సిటీలో ఆన్ నోబెల్ అనే ప్రొఫెసర్ 1984లో ఈ వాసనలన్నిటినీ ఒక చక్రంలో అమర్చింది. అందులో తడిసిన కుక్క ఉంది, డీజిల్ ఉంది, గుర్రం ఉంది. "సొగసైన", "ఠీవిగల" లాంటివి మాత్రం లేవు, అవి ముక్కుకు తగిలేవి కావు గనక. ఆమె పద్ధతి కూడా నిక్కచ్చిగా ఉంటుంది: ఏ వాసనా లేని చవక వైన్ తీసుకుని, అందులో ఒక క్యాప్సికమ్ ముక్క వేసి వాసన చూడు, గుర్తుపెట్టుకో, ఆ తర్వాత మాట్లాడు.

నా గొడవ వాసనతో కాదు, 92తో. 91 ఎందుకు కాలేదో, 93కి ఏం తక్కువైందో ఇంతవరకూ ఏ రివ్యూయరూ చెప్పిన పాపాన పోలేదు. వంద మార్కుల పద్ధతిని ఊరూరా పాకించిన అమెరికన్ వైన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ స్కేలు యాభైతో మొదలవుతుంది. సీసాలో ద్రవం ఉంటే చాలు, యాభై వచ్చేసినట్టే. మా ఇంటర్మీడియట్ రోజుల్లో ఇలాంటి స్కేలు ఉండి ఉంటే నేనూ ఈపాటికి శాస్త్రవేత్తను అయ్యేవాణ్ణి. మనదగ్గర కల్లు మండువాలో కూర్చున్న పెద్దాయన తాటాకు రేకలోంచి ఒక గుక్క తాగి "పులిసింది" అంటాడు, లేదా ఏమీ అనకుండా రేక మళ్లీ చాస్తాడు. ఆ స్కేలులో రెండే మార్కులు. దాన్ని హాడ్జ్‌సన్ కూడా ఏమీ చేయలేడు.

హాడ్జ్‌సన్ ఒక్కడే అయితే పోనీ అనుకోవచ్చు. ఫ్రాన్స్‌లో వైన్‌కు పేరుమోసిన బోర్డోలో ఫ్రెడరిక్ బ్రోషే అని ఇంకొకాయన ఉన్నాడు. వైన్ చదువు చదివే 54 మంది విద్యార్థుల ముందు ఒక తెల్ల వైన్, ఒక ఎర్ర వైన్ పెట్టి వాసనలు రాయమన్నాడు. ఎర్రదానికి వాళ్లు ఎర్ర పండ్ల పేర్లన్నీ రాశారు. అది ఆ తెల్ల వైనే, రంగు కలిపాడంతే. 2001లో ఈ పేపర్ వచ్చింది. ఈయనా వైన్ తయారీదారే! వెనక్కి వెళితే పాశ్చర్ కూడా ఇదే బాపతు. ద్రాక్ష పులిసేది బయటి నుంచి వచ్చే ఈస్ట్ వల్లనే అని నిరూపించడానికి 1878లో ఆర్బ్వాలోని తన తోటలో తీగల మీద గాజు ఇళ్లు కట్టించాడు. తోట కొనుక్కున్న శాస్త్రవేత్తకు చూస్తూ కూర్చోవడం చేతకాదు కాబోలు.

ప్రిన్‌స్టన్ యూనివర్సిటీలోని ఓర్లీ ఆషెన్‌ఫెల్టర్ అనే ఆర్థికవేత్త అయితే నాలుక తడుపుకోవడం కూడా దండగన్నాడు. చలికాలం వాన, ఎండాకాలం వేడి, కోతల ముందు వాన, ఈ మూడూ సమీకరణంలో వేస్తే బోర్డో వైన్ ధర ముందే చెప్పేయొచ్చన్నాడు. రివ్యూయర్లు మండిపడ్డారు. మండిపడరూ, వాళ్ల పని వాతావరణ శాఖకు అప్పజెబితే!

కాలిఫోర్నియాలోనే కాల్‌టెక్ అనే యూనివర్సిటీలో చేసిన ప్రయోగం ఒక్కటే బావగారికి నచ్చింది. 2008లో వచ్చింది. మనుషులను స్కానర్‌లో పడుకోబెట్టి గొట్టంతో వైన్ పట్టారు. ఒకే వైన్‌ను ఒకసారి పది డాలర్లదని, ఇంకోసారి తొంభై డాలర్లదని చెప్పారు. తొంభై అన్నప్పుడు మెదడులో ఆనందం లెక్కగట్టే భాగం ఎక్కువ వెలిగింది. మాటవరసకు బాగుందనడం కాదు, లోపల నిజంగానే ఎక్కువ పని జరిగింది. అప్పటినుంచి బావగారు అతిథులొస్తే సీసా మీద ధర స్టిక్కర్ చింపడం మానేశారు. "ఇది గొప్పలకు కాదు బామ్మర్దీ, వాళ్ల మెదడు కోసం" అని వివరణ.

ఇంతా తెలిసి ఇంట్లోనే ఒక పరీక్ష పెడదామన్నాను. కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త, టీలో పాలు ముందు పోశారో తర్వాత పోశారో తాగి చెప్పగలనంది. అక్కడే పనిచేసే గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ ఆమె ముందు ఎనిమిది కప్పులు పెట్టాడు, నాలుగు అలా, నాలుగు ఇలా. గుడ్డిగా అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం డెబ్భైలో ఒకటి. ఆధునిక ప్రయోగ పద్ధతులకు పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ చెప్పే ఉదాహరణ ఇదే. ఎనిమిది కప్పులు అక్కర్లేదు బావగారూ, మూడు గ్లాసులు చాలు, రెండిట్లో ఒకే వైన్, ఒకదాంట్లో వేరేది, వేరేదేదో చెప్పండి అన్నాను.

ఆయన వద్దనలేదు. శాస్త్రవేత్త పరీక్ష వద్దంటాడా? ముహూర్తం చూడాలన్నారు. తమాషాకు కాదు. ఐరోపాలో మరియా తూన్ పేరుతో ఒక క్యాలెండర్ ఉంది. చంద్రుడు ఏ రాశిలో ఉన్నాడో చూసి రోజులను పండు రోజు, పువ్వు రోజు, ఆకు రోజు, వేరు రోజు అని విభజిస్తారు. పండు రోజున వైన్ బాగుంటుందట, వేరు రోజున ముడుచుకుపోతుందట. న్యూజీలాండ్‌లో వైన్ నిపుణులకు పీనో న్వార్ అనే ఎర్ర వైన్ ఇచ్చి పరీక్షిస్తే, రోజును బట్టి రుచేమీ మారలేదని 2017లో పేపర్ వచ్చింది. అది వేరే విషయం. రాహుకాలంలో కారు స్టార్ట్ చేయొద్దన్నందుకు మా అమ్మను ఆటపట్టించిన మనిషి, ఆ వేళ వేరు రోజని పరీక్షను వాయిదా వేశారు.

పండు రోజొచ్చింది. ఆ వేళ ముక్కు పట్టేసిందన్నారు.

హాడ్జ్‌సన్ పేపర్ ప్రింటు తీసి ఆయన టేబుల్ మీద పెట్టి నేను ఇండియా వచ్చేశాను. చదివారు. మార్జిన్‌లో నోట్సు రాసుకుంటూ రెండుసార్లు చదివారని అక్క చెప్పింది. ముప్ఫై గ్లాసులు తాగినవాడి నాలుక తడబడదా, తను ఆరు దాటనని, కాబట్టి ఆ ఫలితం తనకు వర్తించదని తేల్చారట. అయినా సైన్సు సైన్సే అని, ఆ మర్నాటి నుంచి నోట్‌బుక్‌లో మార్కుల పక్కన ఎర్రర్ (అంటే అటూ ఇటూ ఎంత తేడా ఉండొచ్చో) కూడా వేయడం మొదలుపెట్టారు. 92 ± 4. 89 ± 4. పోయిన వారం నాపాలో కొన్న ఒక సీసాకు 98 ± 4 వచ్చింది.

"ఏవండీ, తొంభై ఎనిమిదికి నాలుగు కలిపితే నూట రెండు కదా, ఇది వందకే కదా?" అని అడిగిందట అక్క.

"అందుకే ఇంకో రెండు సీసాలు ఆర్డర్ పెట్టాను" అన్నారట.