ఓర్చుకోమనడమే వైద్యమా?

మంచం పట్టిన రోగి గుమ్మంలోకే వైద్యం వస్తుందని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ చెప్పుకొంటూనే ఉన్నాయి. తెలంగాణలో మంచానపడ్డవారి ఇళ్లకు వెళ్లే ‘ఆలన’ ఉపశమన వైద్య బృందాలున్నాయి, ఆంధ్రప్రదేశ్‌లో వైద్యుడే ఊరికి వచ్చే ఫ్యామిలీ డాక్టర్ విధానం 2023లో మొదలైంది, ఊరూరా ఏఎన్‌ఎంలూ ఆశా కార్యకర్తలూ ఉన్నారు. కాదనం. కానీ నెలల తరబడి మానని కాలిపుండుతో ఉన్న వృద్ధురాలికి, ఎండి అతుక్కుపోయిన కట్టు గుడ్డను ఊడబెరికే క్షణంలో దక్కుతున్న నొప్పి మందు తరచూ ఒక్క మాటే: ‘ఓర్చుకోమ్మా’.

నొప్పి ఎంత ఉందని అడగరు. అడగరు గనుక రాయరు, రాయరు గనుక పైఅధికారుల సమీక్షలో అది లేనే లేదు. కట్టు మార్చారా లేదా అన్నదే లెక్క.

అడగకపోవడం నిర్దయ మాత్రమే కాదు, వైద్యపరంగా తప్పు కూడా. ఉబ్బిన సిరల వల్ల వచ్చిన పుండు బాధ కాలు ఎత్తి పెట్టుకుంటే కొంత నెమ్మదిస్తుంది; ధమనులు పూడుకుపోయి వచ్చిన పుండు రాత్రి పడుకున్నాక సలిపి, కాలు మంచం కిందికి వేలాడేస్తే కాస్త ఊరటనిస్తుంది. మొదటిదానికి బిగుతు కట్టే అసలు చికిత్స, రెండోదానికి అదే కట్టు కాలికే ముప్పు. ఉన్నట్టుండి పెరిగిన సలుపు చీము పడుతోందనడానికి సూచన కావచ్చు. మధుమేహంతో స్పర్శ పోయిన పాదంలో నొప్పి లేకపోవడమూ ప్రమాద సంకేతమే. ఇవన్నీ ఒక్క ప్రశ్నతో బయటపడే సంగతులు. ఆ ప్రశ్నే వేయడం లేదు. తెల్లవార్లూ భరించలేక కట్టు విప్పేసుకున్న రోగిని మాత్రం ‘చెప్పిన మాట వినడు’ అని కసురుకుంటారు. కట్టు లేక పుండు మానదు, మానలేదని మళ్లీ చీవాట్లు.

టీకాలు, సర్వేలు, యాప్‌లతో ఏఎన్‌ఎంలకు ఊపిరి సలపడం లేదన్నది నిజం. మూత్రపిండాలు దెబ్బతిన్న ముసలివారికి డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్లలు ఇష్టం వచ్చినట్టు ఇవ్వరాదన్నదీ నిజమే. అయితే గుడ్డను సెలైన్‌తో నానబెట్టి తీయడానికి ఏ జీవో కావాలి? వైద్యుడి సలహాతో కట్టు మార్చే ముందు పారాసెటమాల్ వేయించడానికి, పుండు గీకి శుభ్రం చేసేటప్పుడు ముందుగా తిమ్మిరి మందు పూయడానికి ఏ బడ్జెట్ అడ్డం? తీవ్ర నొప్పితో ఉన్నవారికి మార్ఫిన్ అందడం సులువు కావాలని పార్లమెంటు మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించింది 2014లో. చట్టసభలు గుర్తించిన నొప్పిని గడప దాకా వెళ్లిన యంత్రాంగం గుర్తించకపోవడమే విడ్డూరం.

సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంతని అడిగి, ఆ అంకె రాసే గడి ఒకటి ప్రతి కట్టు నమోదులోనూ పెట్టమని ఆరోగ్య శాఖలు ఈ వారమే ఆదేశించవచ్చు. ఇంటి ముంగిట వైద్యమని వాహనాల మీద రాయించుకున్న పెద్దలు ఆ ఇంటి లోపల వినిపిస్తున్న మూలుగును ఏ పద్దు కింద రాస్తున్నారో ముందు చెప్పాలి.